ఎవరి నివాలా వాళ్లది

పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి నేను. రెండు జుబాన్ల మధ్య తిరిగేవాడికి ఒక అలవాటు పడిపోతుంది. ఒక భాషలో మాట దొరికితే రెండో భాషలో దాని జోడీ ఎక్కడుందా అని వెతుకుతుంటాడు. ఇన్నేళ్లయినా నాకు సరైన జోడీ దొరకని మాటల్లో 'లిహాజ్' ఒకటి. మర్యాద అందామంటే సరిపోదు. మొహమాటం అందామంటే అది దాదాపు ఉల్టా. మొహమాటం ఉన్నవాడు కడుపు నిండినా ఇంకో గరిటె వేయించుకుంటాడు. లిహాజ్ ఉన్నవాడు ఎదుటివాడి మొహం చూసి గరిటె వెనక్కి తీసుకుంటాడు. పక్కనున్న మనిషికి ఏది కష్టంగా ఉంటుందో చెప్పించుకోకుండానే కనిపెట్టి మసలుకోవడాన్ని మన పెద్దలు లిహాజ్ అన్నారు.

ఇవాళ తిండి మీద ఎక్కడ చూసినా బహసే. ఎవరేం తినాలి, ఎక్కడ తినాలి, ఎవరి పక్కన తినాలి. ఈ బహసుల్లో హక్ అనే మాట వినిపిస్తుంది, కానూన్ అనే మాట వినిపిస్తుంది. లిహాజ్ మాత్రం వినపడదు. నా మట్టుకు నాకు అర్థమైంది ఇంతే: లిహాజ్ నేను ఖుషీగా ఇచ్చేది. నా దగ్గర్నుంచి లాక్కుంటే దాని పేరు జబర్దస్తీ. ఈ ఫరక్ మన పిల్లలకి చెప్పగలగాలి. చెప్పే ముందు మన దస్తర్ఖాన్ కూడా ఒకసారి చూసుకోవాలి.

మా నానీ వాళ్లది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. మనవాళ్ల ఇళ్లు పదో పన్నెండో ఉండేవి. ఈద్ రోజు నానీ పొద్దున్నే రెండు వరసల్లో పళ్లేలు సర్దేది. ఒక వరసలో షీర్ ఖుర్మా గిన్నెలు. అవి గొల్లవాళ్ల ఇళ్లకి, గౌండ్లవాళ్ల ఇళ్లకి. రెండో వరసలో అంతా కచ్చా సామానే. సేమియా, చక్కెర, ఖర్జూరం, నెయ్యి, మీద ఉతికిన తెల్లగుడ్డ. అవి పంతులుగారింటికి, సేటు ఇంటికి. "ఉనోకు కచ్చా ఇచ్ దేనా మా, ఉనోకే బర్తన్‌మే పకాలేతే" అనేది నానీ, గుడ్డ అంచులు సర్దుతూ. ఆమెకి ఎవరూ గుర్తు చేయాల్సిన పని లేదు. వాళ్లింట్లో పప్పన్నం తిని వచ్చిన మనవడు ఉంటే, "ఏం కూర తిన్నావు" అని అడిగేది తప్ప, మన కూర ఎందుకు తినరు అని ఏనాడూ అడగలేదు.

చిన్నప్పుడు అది నాకు చాలా బాగుండేది. ఇప్పటికీ నానీ వైపు నుంచి చూస్తే బాగానే ఉంటుంది. కానీ పెద్దయ్యాక నా దిల్‌లో ఒక సవాల్ మొదలైంది. షీర్ ఖుర్మాలో గోష్త్ లేదు కదా. పాలు, సేమియా, నెయ్యి. ఇవన్నీ వాళ్లింట్లోనూ ఉన్నవే. మరి వాళ్లు వద్దనుకున్నది మాంసాన్నా, మా నానీ చేతినా?

ఈ రెండూ ఒకటి కావు. మాంసం వండిన గిన్నెలో వండింది తినలేను అనేవాళ్లు నిజంగా ఉన్నారు. అది వాళ్ల పర్హేజ్. నేను దాన్ని మానుతాను. అవసరమైతే కొత్త గిన్నె కొంటాను, కొత్త గరిటె కొంటాను. గిన్నె కొత్తదైనా సరే, వండిన చెయ్యి మీది కదా అనేవాళ్ల సంగతి వేరు. అది తిండి సంగతే కాదు, అంటు. తినకపోవడానికి ఇజ్జత్ ఇస్తాను. అంటకపోవడానికి ఇవ్వను. ఈ మాట మన గుమ్మం లోపలికి కూడా వర్తిస్తుంది. ఇంటి ముందు ఊడ్చే మనిషికి విడిగా గ్లాసు పెట్టే ఇళ్లు మన మొహల్లాల్లో లేవా? ఆ గ్లాసు కిటికీలో బోర్లించి ఉన్నంతకాలం, పంతులుగారి గురించి మాట్లాడే ముందు మన గొంతు కాస్త తగ్గించుకోవాలి.

అంటు పాటించిన అదే ఊళ్లలో తిండి మాత్రం ఇళ్లు దాటుకుంటూ పోయింది. పీర్ల పండక్కి అన్ని కులాలవాళ్లూ పీర్ల దగ్గరికి మలీదా తెచ్చేవాళ్లు. రొట్టెని చేత్తో నలిపి బెల్లం, నెయ్యి కలిపి చేసేది. మలీదా ఫార్సీ మాట, నలిపినది అని అర్థం. ఆ మాటా, ఆ ముద్దా ఎప్పుడు వెళ్లాయో ఏమో గానీ, సద్దుల బతుకమ్మ నాడు తెలంగాణ ఆడబిడ్డలు చేసే మలీద ముద్దలు అవే. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రంకి రొట్టెల పండగ జరుగుతుంది. చెరువు నీళ్లలో నిలబడి ముక్కూమొహం తెలియని మనిషి చేతి రొట్టె తీసుకుంటారు. మొక్కు తీరిన మనిషి మరుసటి ఏడు వచ్చి రొట్టె వదులుతాడు. రొట్టె చేసిన చెయ్యి ఏ మజహబ్‌దని అక్కడ ఎవరూ అడగరు.

మన దగ్గర ఈ అదబ్‌కి పెద్ద మిసాల్ ఉంది. హదీసు చదివినవాళ్లకి తెలిసిందే. బుఖారీలోనూ, ముస్లింలోనూ ఉంది. హజ్రత్ మైమూనా (రజి.) ఇంట్లో రసూలుల్లా (స.అ.స.) ముందు కాల్చిన మాంసం పెట్టారు. అది ఎడారిలో దొరికే ఉడుము లాంటి జీవిది. ఆయన చెయ్యి చాపగానే, అదేమిటో ఆయనకి చెప్పమని అక్కడి ఔరతుల్లో ఒకరు అన్నారు. చెప్పగానే ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పక్కనే ఉన్న హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి.) ఇది హరామా అని అడిగారు. కాదనీ, తన ఖౌమ్ నేల మీద అది ఉండదు కాబట్టి తనకి మనసు ఒప్పడం లేదనీ ఆయన చెప్పారు. హజ్రత్ ఖాలిద్ దాన్ని తన వైపు లాక్కుని తిన్నారు. హుజూర్ చూస్తూ ఉన్నారు, ఆపలేదు.

ఆ జంతువు మీద ఫిఖహ్‌లో ఇఖ్తిలాఫ్ ఉంది, దాన్ని ఉలమాలకి వదిలేద్దాం. నేను చూసేది ఆ దస్తర్ఖాన్‌ని. ఒకే పళ్లెం ముందు ఇద్దరు. ఒకరు తినలేదు, ఒకరు తిన్నారు. తినని మనిషి తినే మనిషిని తక్కువ చేయలేదు. తినే మనిషి తినని మనిషిని బలవంతపెట్టలేదు. పళ్లెంలో ఏముందో ముందే చెప్పిన ఔరత్ వల్ల ఇది సాధ్యమైంది. రసూలుల్లా (స.అ.స.) ఏ ఖానాకీ ఎప్పుడూ ఐబ్ పెట్టలేదనీ, నచ్చితే తినేవారనీ, నచ్చకపోతే వదిలేసేవారనీ కూడా హదీసుల్లో ఉంది.

ఇక మన దావత్‌లు చూద్దాం. బగారా ఖానాతో దాల్చా వడ్డిస్తాం. చూడటానికి సొరకాయ పప్పులాగే ఉంటుంది. లోపల బొక్కల రసం ఉంటుంది. దోస్తీ కొద్దీ వచ్చిన శాకాహారి మెహమాన్ పప్పే కదా అని ఒక గరిటె వేసుకుంటాడు. ఆ ఒక్క నిమిషం ఎవరో ఒకరు అతని పక్కన నిలబడి, "అన్నా, దాంట్లో గోష్త్ ఉంది" అని చెప్పాలి. హలీమ్‌లో అయితే గోధుమల్లో మాంసం కలిసిపోయి కంటికి కూడా కనపడదు. చెప్పకుండా ఊరుకుని, తిన్నాక నవ్వుకునే మనుషుల్ని నేను చూశాను. "ముక్కలు పక్కకి తీసేసి తినండి భాయ్, ఏం కాదు" అనేవాళ్లని ఇంకా ఎక్కువమందిని చూశాను. మన బిడ్డ తినే జెల్లీ బిళ్లలో ఏ జంతువు జెలటిన్ ఉందో అని రేపర్ వెనక చిన్న అక్షరాలు వెతుక్కునే మనం ఈ మాట ఎలా అంటాం? మనకి పంది కొవ్వు తగిలిన నూనె ఎలాగో, అతనికి ఆ రసం అలాగే. 1857లో తూటాలకి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట పుట్టినప్పుడు హిందూ, ముస్లిం సిపాయిలు ఇద్దరూ ఒకే మంటతో లేచారు. తెలియకుండా నోట్లో పెట్టించడం ఎంత పెద్ద బేఇజ్జతీయో ఈ దేశానికి అప్పుడే తెలుసు.

ఇంట్లో మనవాళ్లతోనూ ఇంతే. మా ఖాలా కోడలు గోష్త్ తినదు. చిన్నప్పటి నుంచీ పడదు. పెళ్లయిన కొత్తలో ఆ పిల్లకి ప్రతి దావత్‌లోనూ ఇమ్తెహానే. "ముసల్మాన్ హోకే గోష్త్ నై ఖాతీ?" అని ఒకరు, "ఘాస్ ఫూస్" అని ఇంకొకరు. హలాల్ అంటే ఇజాజత్ ఉందని. ఫర్జ్ అని కాదు. నమాజ్ ఫర్జ్, రోజా ఫర్జ్. పాయా ఫర్జ్ అని ఏ కితాబ్‌లో ఉంది? ఖాలా చివరికి ఒక పని చేసింది. ఎవరైనా నోరు తెరిచేలోపే, "మా బహూ కోసం బగారా బైంగన్ చేశా, మిగిల్తే మీకు" అనడం మొదలుపెట్టింది. ఆ పిల్ల తన గురించి తాను సఫాయి ఇచ్చుకోవాల్సిన అవసరం ఆ రోజుతో పోయింది.

ఇంకో మాట చెబితే కొందరికి కోపం వస్తుంది. 'ఛోటే కా' తినేవాళ్లు 'బడే కా' తినేవాళ్లని చూసే చూపు మనలో లేదా? దావత్‌లో బడే కా పెట్టారని ముఖం పక్కకి తిప్పే ఖాందానీలు లేరా? మటన్ రేటు చూస్తే ఎవరు ఏది ఎందుకు వండుకుంటున్నారో అర్థమవుతుంది. దళితవాడలో పెద్దకూర తినేవాళ్లని ఊరు చూసే చూపుకీ, దీనికీ పెద్ద తేడా లేదు. పంది మాంసం మనకి హరామ్. తినం, మన ఇంటికి రానివ్వం. దాన్ని తినే ఎరుకల ఇంటి మనిషిని చూసి ముక్కు మూసుకోమని మన దీన్ ఎక్కడా చెప్పలేదు.

మా ఆఫీసులో ఒక సర్దార్జీ ఉండేవాడు. ఒకసారి ఇఫ్తార్‌కి వచ్చి కబాబ్ ముందు ఆగి, "హలాల్ హై క్యా?" అని అడిగాడు. అవునన్నాను. నవ్వి, పండ్లూ పకోడీలూ తీసుకున్నాడు. సిక్కు ఆచారం పాటించేవాళ్లు హలాల్ తినరు, ఝట్కా తింటారు. అదే మాట, హలాల్ హై క్యా అని, నేను బయట హోటళ్లలో ఎన్నిసార్లు అడిగానో లెక్క లేదు. నేను తినడానికి అడుగుతాను, అతను మానడానికి అడిగాడు. ఇద్దరికీ కావాల్సింది ఒక సచ్చా జవాబు. 'హలాల్' అనే బోర్డు చూసి ఎవరైనా కొనకుండా వెళ్లిపోతే నాకు షికాయత్ లేదు. బోర్డే ఉండకూడదంటేనే షికాయత్.

ఇక నా ఇంటి సంగతి. నా బిడ్డ హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతి చదువుతోంది. ఈ ఏడాది బడి నుంచి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. టిఫిన్ డబ్బాల్లో నాన్‌వెజ్ పంపకూడదు, గుడ్డు కూడా వద్దు. రాత్రి బిడ్డ నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"అబ్బా, నా బెంచీలో కూర్చునే అమ్మాయికి అండా వాసన పడదు. ఆమె పక్కన తినే రోజు నేను అమ్మీతో చెప్పి ఆలూ పెట్టించుకుంటా. నువ్వు చెప్పలేదు, టీచర్ చెప్పలేదు. నేనే. మరి ఇప్పుడు రూల్ ఎందుకు?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఏ కానూన్ లేకుండానే నా బిడ్డ లిహాజ్ నేర్చుకుంది. రూల్ వచ్చి ఆ లిహాజ్‌ని ఆమె చేతిలోంచి తీసేసుకుంది. రేపట్నుంచి ఆమె ఆలూ తీసుకెళ్తే అది దోస్తీ కోసం అని ఎవరికీ తెలియదు. రూల్ కాబట్టి తెచ్చిందంటారు.

బడికి వెళ్లి మాట్లాడాను. షికాయతులు వచ్చాయి సార్ అన్నారు. తినని పిల్లలకి విడిగా ఒక వరస పెట్టండి, ఎవరి డబ్బా వాళ్లు తింటారు అన్నాను. చూస్తామన్నారు. రూల్ ఇంకా అలాగే ఉంది. అయితే దెబ్బ తగిలింది నా బిడ్డకి ఒక్కదానికే కాదు. ఆ బెంచీ అమ్మాయి వల్లే ఇదంతా వచ్చిందని క్లాసులో ఎవరో అన్నారట. ఆ పిల్ల ఏడ్చిందట. పాపం, ఆ పిల్ల ఎవరికీ ఏ షికాయత్ చేయలేదు. పెద్దవాళ్లు చేసిన రూల్‌కి ఒక శాకాహారి పిల్ల ముల్జిమ్ అయింది. మరుసటి రోజు మా బిడ్డ ఖట్టీ దాల్ కాస్త ఎక్కువే పెట్టించుకుని వెళ్లింది. ఎందుకని నేను అడగలేదు.

దీనికి రాస్తా లేక కాదు. బడి మధ్యాహ్న భోజనంలో తమిళనాడు గుడ్డు పెడుతుంది, తినని పిల్లలకి అరటిపండు ఇస్తుంది. కర్ణాటకలోనూ గుడ్డు తిననివాళ్లకి అరటిపండు ఇస్తారు. ఇద్దరు పిల్లలూ ఒకే వరండాలో కూర్చుని తింటారు. అరటిపండంత ఖర్చుతో తీరే సంగతి ఇది.

అద్దె ఇళ్ల దగ్గర ఇదే మాట ఇంకో వేషంలో వస్తుంది. "నాన్‌వెజ్ తినేవాళ్లకి ఇవ్వమండీ." నా పేరు వినకముందు ఈ షరతు ఉండదు, విన్నాక పుడుతుంది. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం, 2014 సాంపుల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ సర్వేలో, తెలంగాణలో 15 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మందికి పైగా మాంసం తినేవాళ్లే. అంత మంది తినేచోట ఆ ఒక్క మాట నాకే ఎందుకు చెబుతారో అర్థం చేసుకోవడానికి జర్నలిస్టు కానక్కర్లేదు. నిజంగా శాకాహారి అయిన ఇంటాయన, "పైన మేముంటాం, వాసన పడదు" అని అందరికీ ఒకేలా చెబితే నేను సలాం చెప్పి ఇంకో ఇల్లు చూసుకుంటాను. పేరుకి భయపడి తిండి మీద నెపం పెడితేనే దుఃఖం.

అదాలత్ కూడా ఈ ఫరక్ చూసింది. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం ప్రైవసీ మన ప్రాథమిక హక్కు అన్నప్పుడు, మన కృష్ణా జిల్లా మనిషి జస్టిస్ చలమేశ్వర్ తన తీర్పులో, ఏం తినాలో ఏం కట్టుకోవాలో సర్కార్ చెప్పాలని ఎవరూ కోరుకోరని రాశారు. 2024 జూలైలో కావడ్ యాత్ర దారిలో దుకాణాల మీద యజమానుల పేర్లు రాయాలన్న ఆదేశాల్ని అదే కోర్టు ఆపింది. ఏ రకం ఖానా అమ్ముతున్నారో రాయమనొచ్చు, పేర్లు రాయమని బలవంతం చేయకూడదంది. చూడండి, మా నానీ షీర్ ఖుర్మా సవాలే అక్కడికీ వెళ్లింది. గిన్నెలో ఏముందో అడగొచ్చు. చెయ్యి ఎవరిదని అడగొద్దు.

హక్ అడిగేవాడు తన లెక్కా చూసుకోవాలి. రంజాన్‌లో నా పక్క సీటు మనిషి నా ముందు టీ తాగడానికి ఇబ్బంది పడుతుంటే, తాగు భాయ్ అంటాను. రోజా నాది, ఆకలీ నాదే. అతను కప్పు తీసుకుని పక్కకి వెళ్తే అది అతని లిహాజ్, నా హక్ మాత్రం కాదు. కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా ముట్టని పక్కింటి ఆంటీ నా వంటింటి తాళింపు ఆపమని ఏనాడూ అనలేదు. అయినా ఆ నెల సోమవారాలు మా ఇంట్లో చేపలు వేయించరు. ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు కాబట్టే మా ఆవిడకి ఆ పని ఖుషీగా ఉంటుంది. అడిగి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను.

బక్రీద్‌కి కూడా అంతే. ఖుర్బానీ మన ఇబాదత్. గోడ వెనక చేసుకోవడం, నెత్తురు గల్లీలోకి పారకుండా చూడటం, తోలూ పేగులూ ఆ పూటే తీయించేయడం, హిస్సాలు పంచడానికి వెళ్లేటప్పుడు మూత పెట్టుకు వెళ్లడం, ఫోటోలు తీసి అందరికీ పంపకపోవడం. ఇవేవీ భయంతో చేయాల్సినవి కావు. పొరుగువాడి హక్ గురించి అంత గట్టిగా చెప్పిన దీన్ మనది కాబట్టి చేయాలి.

వచ్చే నెల మా ఇంట్లో అఖీఖా దావత్ ఉంది. శాకాహారులకి వేరే వంటమనిషి, వేరే డేగ్షాలు, వేరే గరిటెలు అని మా ఆవిడ ముందే చెప్పేసింది. ప్రతి గిన్నె ముందూ ఏముందో తెలుగులో, ఉర్దూలో రాసి పెడతాం. దాల్చా ముందు అక్షరాలు పెద్దవిగా ఉంటాయి. ఆ బెంచీ అమ్మాయినీ వాళ్ల అమ్మానాన్నల్నీ పిలవమని బిడ్డ పట్టుబట్టింది, పిలిచాం. వచ్చినవాళ్లని "మీరు ఇది తింటారా?" అని అడగొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. అలా అడిగితే అవతలి మనిషి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. "మీకు ఏం పెట్టమంటారు?" అని అడగమన్నాను.